అరవై మూడు ఫైళ్ళు

సోమవారం పొద్దున మేనేజరు తన గదిలోకి పిలిచి ఆ వాక్యం పైకి చదివేదాకా, అది తన చేత్తో రాసిందేనన్న సంగతి టీమ్ లీడ్‌కి సరిగ్గా గుర్తు లేదు.

"'ప్రోగ్రాము పనిచేస్తుంది గాని డిజైను లేదు. ఆలోచనలో లోతు లేదు.' ఇది నువ్వు రాసిందే కదయ్యా?"

"నేనే సార్."

"అయితే సరే. ఆవిడ ఆర్నెల్ల గడువు ఈ శుక్రవారంతో అయిపోతోంది. లోతు లేని మనిషిని పర్మనెంటు చెయ్యమని పై ఆఫీసుకి నేనెలా రాస్తాను? శుక్రవారం సాయంత్రం పంపించేద్దాం. ఆవిడకి నేను చెప్తాలే."

ఏడాదికి రెండుసార్లు నింపే కాగితం అది. అందరి గురించీ ఏదో ఒకటి రాయాలి గనక రాశాడు. భోజనానికి లేచే ముందు, ఆకలి మీద, ఆరుగురి కాగితాలు అరగంటలో ముగించాడు. దానితో ఒక మనిషి ఉద్యోగం ఊడుతుందని అనుకోలేదు. "మరీ పంపించేయడం అంటే సార్..." అని నీళ్ళు నమిలాడు.

మేనేజరు అప్పటికే రెండో కాగితం తీశాడు. "నీ సంగతి వేరు. ఆవిడ రాసిందాన్ని నువ్వు తిరగరాశావు చూడు, ఆ డిజైను పైవాళ్ళకి తెగ నచ్చింది. ఆర్కిటెక్టు పోస్టుకి నీ పేరే పంపుతున్నాను." లేచి చెయ్యి కూడా కలిపాడు. ఆ సంతోషంలో ఇందాక సగంలో ఆగిన మాట సగంలోనే ఉండిపోయింది. టీమ్ లీడ్ గదిలోంచి నవ్వుకుంటూ బయటికొచ్చి, మెట్ల దగ్గర నిలబడి అత్తగారికి ఫోను చేసి చెప్పాడు. ఆవిడకి చెప్పడమంటే చుట్టాలందరికీ చెప్పినట్టే.

ఆఫీసులో అతన్ని 'ఫ్యాక్టరీ' అంటారు. ఆ పేరు పెట్టింది టెస్టరు. ఇతరుల ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం ఆమె ఉద్యోగం. తీరిక దొరికితే మనుషుల్లో కూడా పడుతుంది. ప్రోగ్రాములు రాసేవాళ్ళకి కొన్ని అచ్చులు, మూసల్లాంటివి, ఉంటాయి. ఎప్పుడో అనుభవజ్ఞులు చేసిపెట్టినవి, చోటెరిగి వాడితే మంచివే. ఫ్యాక్టరీ అనేది వాటిలో ఒకటి. దాని పనల్లా ఇంకో వస్తువును తయారుచేసి ఇవ్వడం. మన టీమ్ లీడ్ ఆ అచ్చుల్ని చోటెరిగీ వాడతాడు, ఎరగకుండానూ వాడతాడు. "మనకి దాహమేస్తే గ్లాసు తీసుకుంటాం. ఈయన గ్లాసులు తయారుచేసేదాన్ని తయారుచేసేదాన్ని ముందు తయారుచేస్తాడు" అని టెస్టరు ఒకసారి అందరి ముందూ అంది. అతను కూడా నవ్వాడు. లోపల మాత్రం దాన్ని పొగడ్తగానే తీసుకున్నాడు.

పేర్ల విషయంలో అతని పట్టుదల ఇంకా ఎక్కువ. పేరు చూడగానే దాని కథంతా తెలిసిపోవాలంటాడు. అతను తిరగరాసిన దాంట్లో ఒకదాని పేరు 'పేషెంట్ చెయిర్ అలొకేషన్ స్ట్రాటజీ ఫ్యాక్టరీ ప్రొవైడర్ మేనేజర్'. టెస్టరు దాన్ని ఊపిరి బిగబట్టి చదివి, "మధ్యలో ఒక స్టాపు పెట్టు బాబూ, దిగి టీ తాగి ఎక్కుతాం" అంది.

అంత పేరున్న ప్రోగ్రాము చేసే పని చెప్పాలంటే రెండు ముక్కలు చాలు. ఊళ్ళో ఒక డయాలసిస్ సెంటరు ఉంది. కిడ్నీలు చెడిపోయినవాళ్ళు వారానికి మూడుసార్లు వచ్చి నాలుగేసి గంటలు మెషిను పక్కన కుర్చీలో పడుకుంటే, మెషిను రక్తం శుభ్రం చేసి పంపుతుంది. కుర్చీలు ఎనిమిది, రోజుకి షిఫ్టులు మూడు. ఏ పేషెంటుకి ఏ షిఫ్టులో ఏ కుర్చీ అన్నది పొద్దున్నే లిస్టు తీసి ఇవ్వడమే ప్రోగ్రాము పని.

దాన్ని మొదట రాసిన ఆవిడకి టెస్టరు పెట్టిన పేరు 'టెలిగ్రామ్'. నలభై దగ్గర పడిన మనిషి. రెండు మాటల్లో అయ్యేదానికి మూడో మాట వాడదు. మాట ఎలాగో రాత కూడా అంతే. కుర్చీల ప్రోగ్రామంతా ఒకే ఫైల్లో, నలభై లైన్లలో రాసి ఇచ్చింది. 'ఇలా అయితే అలా చెయ్యి, లేకపోతే ఇలా చెయ్యి' అని పైనుంచి కిందికి చదువుకుంటూ పోవడమే. టీమ్ లీడ్‌కి ఆ నలభై లైన్లు చూడగానే ఒళ్ళు మండింది. ఇంత నేరుగా రాస్తే ఇక తమ చదువులెందుకు? మూడు వారాలు కూర్చుని దాన్ని అరవై మూడు ఫైళ్ళు చేశాడు.

ఆ సోమవారం మధ్యాహ్నమే డయాలసిస్ సెంటరు నుంచి సిస్టర్ ఫోను చేసింది. అక్కడి నర్సులందరికీ పెద్ద ఆవిడే.

"బాబూ, కొత్త పేషెంటు ఒకాయన బుధవారం నుంచి వస్తున్నాడు. రక్తం ద్వారా అంటుకునే కామెర్ల జబ్బు ఉంది ఆయనకి. ఆరో కుర్చీ మెషిను ఆయనకొక్కడికే వదిలేస్తున్నాం. అది ఇంకెవరికీ ఇవ్వకూడదు. లిస్టులో మార్చి పెట్టండి."

"రేపు సాయంత్రానికల్లా అయిపోతుంది సిస్టర్."

మంగళవారమంతా అతను హుషారుగా పనిచేశాడు. నిజం చెప్పాలంటే ఆ పనంటే అతనికి ప్రాణం. చెవుల్లో పాటలు పెట్టుకుని, చొక్కా చేతులు మడుచుకుని, పాత ఫైళ్ళ మీద చెయ్యి వేయకుండానే కొత్త నియమాన్ని వాటి చుట్టూ తొడిగాడు. పాతవాటిని ముట్టకపోవడమే అందులో గొప్ప. ఐదు కొత్త ఫైళ్ళు అయ్యాయి. ఒక్కోదానికి, అది సరిగ్గా నడుస్తోందో లేదో చూసే పరీక్షలు రాశాడు. అన్నీ కలిపి నాలుగువందల పన్నెండు పరీక్షలు ఒక్క మీటతో నడిపాడు. తెర మీద ఒక్కొక్కటే పచ్చగా మారుతూ కిందిదాకా పోయాయి. ఒక్క ఎరుపూ లేదు.

టీ మెషిను దగ్గర టెలిగ్రామ్ ఎదురైంది. సోమవారం నుంచీ అతను ఆమెకి కనబడకుండా తిరుగుతున్నాడు. ఆమె మాత్రం ఎప్పటిలాగే ఉంది. కప్పు నింపుకుని పక్కకి జరిగి చోటిచ్చింది.

"ఆరో కుర్చీ మార్పు మీరే చేస్తున్నారా సార్?"

"అవునండి."

"నన్నొకసారి చూడమంటారా?"

"వద్దులెండి. అయిపోవచ్చింది."

ఆమె సరేనని వెళ్ళి తన చోట్లో కూర్చుంది. ఇంకెవరూ పుచ్చుకోని పని ఒకటి, రక్తం సీసాలకి అంటించే లేబుళ్ళు వంకరగా అచ్చవుతుంటే దాన్ని సరిచేసే పని, వారం నుంచీ ఆమే చూస్తోంది. లేబులు అచ్చు వేసి, స్కేలుతో కొలిచి, మళ్ళీ అచ్చు వేస్తోంది. మేనేజరు ఆమెకి ఇంకా చెప్పలేదేమో అనుకుని టీమ్ లీడ్ కాస్త ఊపిరి తీసుకున్నాడు. ఆ సాయంత్రమే కొత్త ఫైళ్ళు సెంటరుకి పంపించాడు.

బుధవారం పొద్దున ఏడున్నరకి సగం గడ్డం గీసుకుని ఉండగా ఫోను మోగింది.

"బాబూ, ఆరో కుర్చీలో వేరే పేషెంటు, వైరింగు పని చేసే పెద్దాయన పేరొచ్చింది."

"అలా రావడానికి వీల్లేదు సిస్టర్."

"నేనూ అదే అంటున్నా. రావడానికి వీల్లేదు. వచ్చింది."

మిగతా సగం గడ్డం ఎలా గీశాడో అతనికే తెలియదు. వెళ్ళేసరికి సెంటరులో మొదటి షిఫ్టు మొదలైపోయింది. గుమ్మం పక్కన బరువు చూసే మెషిను, దాని పక్కన చెప్పుల అర. లోపలి గదిలో, అద్దం తలుపు వెనక, ఖాళీగా ఆరో కుర్చీ. ఇవతల రెండు వరుసల్లో మిగతా ఏడు. వెనక్కి వాల్చిన ఒక్కో కుర్చీలో గొంతుదాకా దుప్పటి కప్పుకుని ఒక్కో మనిషి. చలి పుట్టిస్తుందట రక్తం అలా బయటికెళ్ళి రావడం. సిస్టర్ లిస్టు మీద ఎర్ర పెన్నుతో ఆరో నంబరు దగ్గర పేరు కొట్టేసి, పెద్దాయన్ని రెండో కుర్చీలోకి మార్చింది. రెండో కుర్చీలో ఉండాల్సిన ఆవిడ గోడ పక్క బెంచీ మీద సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కాళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఆవిడ వంతు మధ్యాహ్నానికి పోయింది. ఆవిడ ఎవర్నీ ఏమీ అనలేదు. ఏమైనా అని ఉంటే బాగుండుననిపించింది అతనికి.

"లిస్టు నేను చదివాను గనక సరిపోయింది. నేను సెలవులో ఉన్న రోజు?" సిస్టర్ గొంతు పెంచలేదు. "సరే, అయిందేదో అయింది. ఆరో నంబరు ఎవరికీ వద్దని మీరెక్కడ రాశారో చూపించండి. నేను కూడా ఒకసారి చూసుకుంటాను."

"తప్పకుండా." అతను మందుల బల్ల చివర ల్యాప్‌టాప్ తెరిచాడు.

మొదటి ఫైలు తెరిస్తే అందులో మూడే లైన్లున్నాయి. రెండోదాన్ని అడగమని చెబుతున్నాయి. రెండోది మూడోదాన్ని అడగమంది. మూడోది ఎవర్ని అడగాలో నాలుగోదానికి తెలుసంది. ఇలా పోతుందని అతనికి తెలుసు. అలా పోవాలనే రాశాడు. కాని రాసేటప్పుడు ఒక్కో ఫైలూ దేనికదే చూసుకున్నాడు తప్ప, ఒక కొసనుంచి ఇంకో కొసదాకా ఎప్పుడూ నడవలేదు. ఇప్పుడు నడుస్తుంటే దారి రెండుగా చీలింది, రెండూ ఒకేలా కనిపించాయి. అంత పొడుగు పేర్లూ తెర అంచు దగ్గర తెగిపోతున్నాయి.

సిస్టర్ కాసేపు వెనకే నిలబడింది. తర్వాత వెళ్ళి ఇద్దరికి బీపీ చూసింది. ఒకరికి దుప్పటి సర్దింది. బీప్‌మని కూస్తున్న మెషిను దగ్గరికి వెళ్ళి గొట్టం మడత తీసింది. తిరిగొచ్చేసరికి అతను పదకొండో ఫైల్లో ఉన్నాడు.

"దొరికిందా?"

"ఒక్క నిమిషం సిస్టర్."

రెండో కుర్చీలోంచి పెద్దాయన తల తిప్పి చూశాడు. "ఏం బాబూ, మీరు రాసిందేనా అది?"

"నేను రాసిందేనండి."

"నేను ముప్పై ఏళ్ళు ఇళ్ళకి వైరింగు చేశాను. ఏ స్విచ్చు నొక్కితే ఏ లైటు వెలుగుతుందో ఇంటావిడకి చూపించందే గడప దాటేవాణ్ణి కాదు."

"ఇది కొంచెం పెద్ద సిస్టమండీ."

"ఎన్ని కుర్చీలకి?"

"ఎనిమిది."

పెద్దాయన కళ్ళు మూసుకున్నాడు. పక్క కుర్చీలో ఎవరో దుప్పటి కింద కిసుక్కున నవ్వారు. టీమ్ లీడ్ చెవులు వేడెక్కాయి.

అతని అవస్థ చూడలేక కాబోలు, సిస్టర్ సొరుగు లాగి ఒక కాగితం తీసి బల్ల మీద పరిచింది. "ముందు వచ్చినావిడ ఇలా అచ్చు తీసి ఇచ్చింది బాబూ. మీదీ ఇలాగే ఉంటుందనుకుని అడిగాను."

టెలిగ్రామ్ రాసిన నలభై లైన్లు. అంచు పొడుగునా రెండు రకాల చేతిరాతలు. చాలా లైన్ల పక్కన ఎర్ర పెన్నుతో సరే గుర్తు ఉంది. షుగరు ఉన్నవాళ్ళని మూడో షిఫ్టులో వేయొద్దన్న లైను దగ్గర మాత్రం ఎర్ర పెన్ను 'తప్పు. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళని మాత్రమే' అంది. దాని కింద నీలం పెన్ను 'సరిచేశాను' అంది. ఇంకొంచెం కింద 'వీల్‌చెయిరు వాళ్ళకి గుమ్మం దగ్గరి కుర్చీ, మర్చిపోయారు' అని ఎర్ర పెన్ను, 'చేర్చాను' అని నీలం పెన్ను.

"ఇది మీకు అర్థమైందా సిస్టర్?"

"అర్థం కాకపోవడానికేముంది? పేషెంటు, షిఫ్టు, కుర్చీ. రోజూ నేననే మాటలేగా. ఆవిడ మూడు రోజులు ఈ బల్ల దగ్గరే కూర్చుంది. ఒక్కో లైనూ చదివి వినిపించి, తప్పుంటే చెప్పండి అనేది. రెండు తప్పులు పట్టాను." సిస్టర్ ముఖంలో కాస్త గర్వం కనిపించింది. "కంప్యూటర్ల వాళ్ళు రాసిందాంట్లో నేను తప్పు పట్టానంటే మా ఆయన నమ్మలేదు."

టీమ్ లీడ్ ఆ కాగితం వైపు చూస్తూ ఉండిపోయాడు. ఈ నలభై లైన్లూ ఆమె ఏదో ఒక మధ్యాహ్నం అలవోకగా కొట్టి పారేసిందనే ఇన్నాళ్ళూ అనుకున్నాడు. ఎలా రాశావని ఒక్కసారి అడగలేదు. ఈ సెంటరుకి తను రావడం కూడా ఇదే మొదటిసారి. అతనికి సిగ్గేసింది. మామూలు సిగ్గు కాదు, తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియని సిగ్గు. తను రెండు ముక్కల్లో ఏం రాసి పారేశాడో గుర్తొచ్చింది.

సాయంత్రం ఇంటికెళ్ళి, చెప్పులు విప్పుతూనే, ఒక కాగితం రాయాలని భార్యతో అన్నాడు. ఆవిడ రెడీమేడ్ దుస్తుల కంపెనీలో కటింగు చూస్తుంది. ఒకేసారి ఇరవై పొరల గుడ్డ మీద కత్తెర నడిపే మనిషి, చేతికి తొందర ఉండదు. జరిగిందంతా విని, "రాయండి మరి" అని భోజనాల బల్ల తుడిచి ఇచ్చింది.

గంటన్నరకి మూడు పేజీలు అయ్యాయి. ఆవిడ అన్నం పొయ్యి మీద పెట్టి వచ్చి, నిలబడే చదివింది.

"ఏవండీ, ఇది ఎవరికి?"

"మేనేజరుకి. అక్కణ్ణుంచి పై ఆఫీసుకి."

"'మూల్యాంకన ప్రక్రియలో తగినంత సమాచారం పరిగణనలోకి తీసుకోబడలేదు'. ఎవరు తీసుకోలేదు?"

"నేనే."

"ఆ మాట ఎక్కడుంది? మూడు పేజీలు వెతికాను, మీరు ఎక్కడా కనబడలేదు. ఆవిడా కనబడలేదు." పేజీలు బల్ల మీద పెట్టి తడి చేతులు తుడుచుకుంది. "మా కంపెనీలో నేను గుడ్డ తప్పు కోస్తే మాస్టరుకి ఏమని చెప్తానో తెలుసా? తప్పు కోశానని చెప్తాను."

"అంతేనా?"

"అంతే. ఇంకేం చెప్పినా గుడ్డ అతుక్కోదుగా."

అతను ఆ మూడు పేజీలూ పక్కన పెట్టి, కొత్త కాగితం తీసుకున్నాడు. దీనికి ఇంకా ఎక్కువసేపు పట్టింది. అన్నం ఉడికి, కూర దించి, ఆవిడ పిలిచేసరికి మూడు వాక్యాలు అయ్యాయి. 'ఆవిడ పని చూడకుండా నేను తప్పు రాశాను. ఆవిడ రాసిన ప్రోగ్రామే సరైనది, నాది పనిచేయలేదు. ఆవిణ్ణి పంపించవద్దు.' భార్య చదివి, కంచం పెట్టి వడ్డించింది. కూర వేస్తూ, "అమ్మకి నేను చెప్తాలెండి, పోస్టు సంగతి" అంది.

గురువారం మేనేజరు ఆ కాగితాన్ని చదివి, అద్దాలు తీసి, మళ్ళీ పెట్టుకుని చదివాడు.

"ఏమయ్యా, నీకేమైనా మతిపోయిందా? 'నాది పనిచేయలేదు' అని రాశావు. ఆ డిజైను చూసేగా నీ పేరు పంపింది."

"తెలుసు సార్."

"ఆవిణ్ణి ఉంచాలంటే ఇంకేదో రకంగా రాద్దాం. మనుషులు తక్కువున్నారు, లేబుళ్ళ పని మిగిలింది, ఇలాంటివేవో. నీదీ చెడకుండా, ఆవిడదీ చెడకుండా."

దారి చూపించినట్టే ఉంది. టీమ్ లీడ్ తలుపు వైపు చూసి, మళ్ళీ కాగితం వైపు చూశాడు. ఒప్పుకుందామా అని ఒక్క క్షణం అనిపించింది. అనిపించలేదంటే అబద్ధం. "అలా రాస్తే లోతు లేదన్న మాట ఆవిడ కాగితంలో అలాగే ఉంటుంది సార్. ఇక్కణ్ణుంచి ఎక్కడికెళ్ళినా ఆవిడ వెంట పోతుంది."

మేనేజరు కాగితం మడిచి కవరు తీశాడు. "పంపాక వెనక్కి తీసుకోవడం కుదరదు" అన్నాడు.

"అందుకే పంపమంటున్నాను."

"పైవాళ్ళు ఏమంటారో నాకు తెలియదు. రేపు సాయంత్రంలోగా ఫోను చేస్తారు. ఆర్కిటెక్టు సంగతి మాత్రం ఇక మర్చిపో."

అక్కణ్ణుంచి అతను నేరుగా టెలిగ్రామ్ దగ్గరికి వెళ్ళాడు. బల్ల మీద లేబుళ్ళు వరసగా పరిచి ఉన్నాయి. వంకర పోయింది.

"ఆరో కుర్చీ తప్పు దొరకలేదండి నాకు. నిన్నంతా వెతికాను. మీరు చూస్తారా?"

ఆమె లేబుళ్ళు ఒక పక్కకి జరిపి, ఖాళీ కుర్చీ లాగి అతనికిచ్చింది. ఒక కాగితం తీసుకుని, ఏ ఫైలు ఏ ఫైలును పిలుస్తుందో పెన్సిలుతో గీస్తూ పోయింది. ఇరవై నిమిషాలకి పెన్సిలు ఆగింది.

"మీ కొత్త ఫైళ్ళు ఐదూ బాగానే ఉన్నాయి సార్. వీటిని పిలిచేవాళ్ళే లేరు."

"పరీక్షలన్నీ పచ్చగా వచ్చాయే!"

"దేనికది బాగానే ఉంది కదా. అందుకే వచ్చాయి."

అతను ఆ గీతల వైపు చూశాడు. పేజీకి కుడి వైపు ఐదు గళ్ళు. వాటిలోంచి బయటికి గీతలున్నాయి. వాటిలోకి మాత్రం ఒక్క గీతా లేదు. మంగళవారమంతా తను పాటలు వింటూ కట్టింది ఇదన్నమాట.

"శుక్రవారం సంగతి మీకు తెలుసా?" అని అడిగాడు.

"తెలుసు సార్. సోమవారమే చెప్పారు."

"మరి... మంగళవారం నన్ను, చూడమంటారా అని ఎందుకడిగారు?"

"చూడాల్సిన పనేగా." ఆమె పెన్సిలు కింద పెట్టింది. అప్పుడు మాత్రం ఆమె గొంతు మారింది. "లోతు లేదన్నారు. ఎక్కడ లేదో చెప్పుంటే నేర్చుకునేదాన్ని సార్. నాలుగు రోజుల్నుంచీ ఇంట్లో ఆ నలభై లైన్లే చదువుకుంటున్నాను, ఎక్కడా అని."

తిట్టి ఉంటే తట్టుకునేవాడేమో. అతనికి కళ్ళు చెమర్చాయి. "మీలో కాదండి. నేను చూడలేదు. చూడకుండా రాశాను. కాగితం మార్చి ఇచ్చాను, ఏమవుతుందో తెలియదు."

ఆమె ఊఁ అని, గీతలు గీసిన కాగితం మడిచింది. "సెంటరుకి పాతదే పెట్టి, ఆరో కుర్చీ లైను కలుపుదామా?" అని అడిగింది.

"మీరు కలపండి."

"మీరే రాయండి. నేను చూస్తాను."

అతను రాశాడు. ఆరో కుర్చీ ఆ పేషెంటుకి కాక ఇంకెవరికైనా వస్తే వదిలేసి తర్వాతి కుర్చీ చూడు. మూడు లైన్లు. పేరు పెట్టాల్సిన చోట అతని వేళ్ళు అలవాటుగా ఏడెనిమిది మాటలు కొట్టేశాయి. ఆమె చూస్తూ ఉంది. అతనే ఒక్కో మాటా చెరిపేసుకుంటూ వెనక్కి వచ్చి, 'కుర్చీ' అన్న ఒక్క మాట దగ్గర ఆగాడు. అరవై ఎనిమిది ఫైళ్ళూ తీసేయనా అని ఆమె అడిగినప్పుడు, తీసేయమనడానికి కొంచెం టైము పట్టింది. ఎంతైనా మూడు వారాల కష్టం. ఆనక తలూపాడు.

శుక్రవారం మధ్యాహ్నం ఇద్దరూ కలిసి సెంటరుకి వెళ్ళారు. పైవాళ్ళ ఫోను ఇంకా రాలేదు. ఆమె తన బల్ల మీది సామాన్లు, ఒక కప్పు, ఒక స్కేలు, పలచటి శాలువా, అప్పటికే సంచిలో సర్దుకుని వెంట తెచ్చుకుంది. ఆ సంచిని చూడకుండా ఉండడానికి అతను దారంతా కిటికీలోంచి బయటికే చూశాడు.

రెండో షిఫ్టు నడుస్తోంది. బుధవారం బెంచీ మీద కూర్చున్నావిడ ఇవాళ మూడో కుర్చీలో నిద్రపోతోంది. లోపలి గదిలో, అద్దం తలుపు వెనక, ఆరో కుర్చీలో కొత్త పేషెంటు పేపరు చదువుకుంటున్నాడు. సిస్టర్ స్టూలు లాక్కుని కూర్చుంది. "ఎవరు చదువుతారు?"

"సారు చదువుతారు. కొత్త లైన్లు రాసింది ఆయన" అంది టెలిగ్రామ్.

అతను పైనుంచి మొదలుపెట్టాడు. బళ్ళో పాఠం అప్పజెప్పే రోజుల తర్వాత అంత భయపడుతూ ఎవరికీ ఏదీ చదివి వినిపించలేదు. లైను అయ్యాక ఆగుతున్నాడు, సిస్టర్ ఊఁ అంటే ముందుకి పోతున్నాడు. సగంలో అతని జేబులో ఫోను మోగింది. మేనేజరు. గోడ వైపు తిరిగి విన్నాడు. "సరే సార్, సరే సార్" తప్ప ఇంకేం అనలేకపోయాడు. ఫోను పెట్టేసి టెలిగ్రామ్ వైపు తిరిగాడు.

"మిమ్మల్ని పర్మనెంటు చేశారు. పాత కాగితం కొట్టేశారు. కుర్చీల ప్రోగ్రాము ఇకనుంచి మీదే. నేను ఏం రాసినా మీరు చూశాకే బయటికెళ్ళాలట."

ఆమె రెండు చేతులతో సంచి పట్టుకుని ఒక నిమిషం అలాగే నిలబడింది. కళ్ళు తుడుచుకుంది. తర్వాత సంచిని బల్ల కింద పెట్టి, "కానివ్వండి సార్. సిస్టర్ ఎదురుచూస్తున్నారు" అంది.

అతను మిగతాది చదివాడు. చివర్న ఆరో కుర్చీ లైన్లు. ఈ మూడూ ఇద్దరం చూసుకున్నవేనన్న ధీమాతో కొంచెం గబగబా చదివేశాడు.

"ఆగండి" అంది సిస్టర్. "ఇది తప్పు."

"ఏది?"

"ఆరో కుర్చీ ఇంకెవరికీ ఇవ్వొద్దని రాశారు, బాగానే ఉంది. ఆయన్ని ఇంకో కుర్చీలో వేయొద్దని ఎక్కడుంది? మీ ప్రకారం రేపు ఆయనకి నాలుగో కుర్చీ రావచ్చు. అప్పుడు నాలుగో మెషిను సంగతేంటి?"

టెలిగ్రామ్ నాలుక కరుచుకుంది. టీమ్ లీడ్ తెర వైపు చూశాడు. నిజమే, లేదు. అరవై ఎనిమిది ఫైళ్ళలోనూ లేదు. నాలుగువందల పన్నెండు పరీక్షల్లో ఒక్కటీ ఆ మాట అడగలేదు. ఆ ఐదు ఫైళ్ళూ సవ్యంగా పనిచేసి ఉంటే, ఎవరికీ అనుమానం కూడా రాకుండా, ఏదో ఒక పొద్దున ఆ మనిషి వేరే మెషిను పక్కన పడుకునేవాడు.

కూర్చుని ఇంకో లైను రాశాడు. ఆ పేషెంటుకి ఆరో కుర్చీ తప్ప ఇంకోటి ఇవ్వకు. పైకి చదివాడు.

"ఇప్పుడు సరే" అంది సిస్టర్.

పదహారేళ్ళుగా ప్రోగ్రాములు రాస్తున్నాడు. మెచ్చుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు, అర్థం కాక తలూపినవాళ్ళు ఇంకా ఎక్కువమంది. వాడే మనిషి ఎదురుగా కూర్చుని, విని, ఇది తప్పు అని వేలు పెట్టి చూపించడం ఇదే మొదటిసారి. అతనికి చెప్పలేనంత సంతోషం వేసింది. స్టూలు ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నాడు.

"మళ్ళీ మొదట్నుంచి చదవనా సిస్టర్? ఇంకా ఏమైనా ఉన్నాయేమో చూడండి."

"ఉండండి, అద్దాలు తుడుచుకోనివ్వండి" అంది సిస్టర్.